నల్ల కారుకు తగిన పాలిషర్ కోసం

మామయ్య తన పాత సెడాన్ తాళాలు నా చేతిలో పెట్టేనాటికి దానికి తొమ్మిదేళ్లు. ఇంజను విషయంలో వంక పెట్టడానికేమీ లేదు. రంగు నలుపు. నీడలో నిలబెడితే అద్దంలా ఉండేది. ఎండలోకి తీస్తే మాత్రం బానెట్ మీద సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు కనపడేవి. దుమ్ము మీదే పొడి బట్టతో తుడవడం, ఒకే బకెట్ నీళ్లలో బట్టను ముంచి ముంచి కారంతా కడగడం వల్ల ఏళ్ల తరబడి పడ్డ గీతలవి. వాటిని వదిలించాలన్న పట్టుదలతో ఐదేళ్లలో నాలుగు పాలిషర్లు, అంటే ప్యాడ్‌ను తిప్పి పెయింట్‌ను రుద్దే యంత్రాలు, కొన్నాను, ఇంకో రెండు అరువు తెచ్చి వాడాను. ఏది నా దగ్గర మిగిలింది, ఏది చేతులు మారింది, ఎందుకు అన్నది రాస్తున్నాను. ఇందులో సగం మాటలు నాకు ముందే తెలిసి ఉంటే ఎడమవైపు వెనక డోరు మీద ఆ మచ్చ పడేది కాదు.

మచ్చ సంగతే ముందు చెప్తాను. మొదటిసారి వాడింది రోటరీ పాలిషర్. ఒక స్నేహితుడి వర్క్‌షాపులో మూలన ఉంటే అడిగి తెచ్చుకున్నాను. చూడ్డానికి ఇనుము కోసే యాంగిల్ గ్రైండర్‌కి అన్నలా ఉంటుంది. నిజానికి ఆ రెండూ ఒక కుటుంబమే. మోటారు తిప్పినట్టే ప్యాడ్ తిరుగుతుంది, మధ్యలో వదులు అంటూ ఏమీ ఉండదు. బానెట్ మీద పది నిమిషాల్లో గీతలు మాయమైపోతుంటే నాకు సంతోషం పట్టలేదు. ఆ ఊపులో డోరు దగ్గరకు వెళ్లాను. డోరు మధ్యలో పొడవునా ఒక మడత ఉంటుంది చూడండి, రేకు కాస్త పైకి లేచి మళ్లీ కిందికి వాలే చోటు. ప్యాడ్‌ను ఆ గట్టు మీద రెండు మూడు సెకన్లు ఎక్కువ ఉంచాను. కాలిన ప్లాస్టిక్ లాంటి వాసన ముక్కుకు తగిలింది. ప్యాడ్ ఎత్తి చూస్తే తెల్లటి ఫోమ్ మీద నల్లటి రంగు. అప్పటిదాకా ప్యాడ్‌కు అంటింది తెల్లటి కాంపౌండే, అంటే గీతలను అరగదీయడానికి ప్యాడ్ మీద వేసే ముద్దే. నలుపు వచ్చిందంటే పైపొర పోయి అసలు రంగు తెగిందన్నమాట. బొటనవేలి గోరంత మచ్చ. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

ఆ రోజు రాత్రి కూర్చుని తెలుసుకున్న విషయం ఇది. ఇప్పటి కార్ల మీద అసలు రంగు పైన రంగులేని ఒక పారదర్శక పొర ఉంటుంది, దాన్నే క్లియర్ కోట్ అంటారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారులో దాని మందం సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు. ప్రైమర్, రంగు, ఈ పొర అన్నీ కలిపినా సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల లోపే. మన తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. అంటే మనం యంత్రం పెట్టి రుద్దుతున్న పొర వెంట్రుక కన్నా పలచన. పాలిష్ చేయడమంటే గీతను పూడ్చడం కాదు, గీత అడుగు దాకా చుట్టూ ఉన్న పొరను అరగదీసి చదును చేయడం. ప్రతిసారీ కొంత పోతుంది, పోయింది తిరిగి రాదు. పైగా ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి రంగును కాపాడేది ఆ పొరే. మడతల మీద, అంచుల మీద అది మామూలుగానే పలచగా ఉంటుంది, ప్యాడ్ బరువంతా కూడా అక్కడే పడుతుంది. నా డోరు మీద జరిగిందదే.

అందుకే ఇప్పుడు ఎవరైనా పాలిషర్ గురించి అడిగితే, ఎన్ని వాట్లు అని కాదు, తప్పు చేసినప్పుడు యంత్రం ఎలా ఉంటుంది అని అడగమంటాను. రోటరీ తప్పును క్షమించదు. 180 మిల్లీమీటర్ల ప్యాడ్‌ను నిమిషానికి 1500 చుట్లు తిప్పితే ప్యాడ్ అంచు సెకనుకు 14 మీటర్ల వేగంతో పెయింట్‌ను ఒకే దిశలో రాస్తుంది. ఆ వేడికి క్లియర్ కోట్ మెత్తబడుతుంది. చేయి తిరిగిన వాళ్లు దానితో అద్భుతాలు చేస్తారు, కాదనను. పడవల మీద, మందంగా పెయింట్ వేసిన పాత బండ్ల మీద ఇప్పటికీ దానికి సాటి లేదు. అయితే కాల్చకుండా పని ముగించినా, చేయి కుదరని వాళ్ల చేతిలో అది ఇంకో గుర్తు వదిలిపెడుతుంది. ఎండలో కారు పక్కగా నడుస్తుంటే మనతోపాటే కదిలే పొగలాంటి చారలు. వాటిని హోలోగ్రామ్‌లంటారు. నా బానెట్ మీద సాలెగూడు పోయి ఆ చారలొచ్చాయి.

రెండో రకం డ్యుయల్ యాక్షన్, వాడుకలో డీఏ. ఇందులో ప్యాడ్ రెండు పనులు చేస్తుంది. ఇరుసుకు కాస్త పక్కగా బిగించి ఉండటం వల్ల చిన్న వృత్తంలో గిరగిరా ఊగుతుంది, ఊగుతూ ఊగుతూ తన చుట్టూ తాను కూడా తిరుగుతుంది. ఆ తిరగడానికి మోటారు బలం నేరుగా అందదు. ఊగడం వల్ల పుట్టే తోపుకే బేరింగ్ మీద స్వేచ్ఛగా తిరుగుతుంది. గట్టిగా నొక్కితే తిరగడం ఆగిపోతుంది. యంత్రం పొగరు తగ్గించుకుని నిలబడిపోతుందన్నమాట. నేర్చుకునే చేతికి ఇంతకన్నా రక్షణ లేదు. డీఏతో పెయింట్ కాల్చడం అసాధ్యమని చెప్పను, అంచు మీద చాలాసేపు ఒత్తి ఉంచితే అదీ కాలుస్తుంది. కానీ దానికి నిమిషాలు పడుతుంది, రోటరీకి సెకన్లు చాలు.

మచ్చ పడ్డ నెలకు నేను కొన్న మొదటి డీఏ బాగా చవకది. కంపెనీ పేరు చెప్పను. డబ్బా మీద 900 వాట్లు అని పెద్ద అక్షరాలతో ఉంది, త్రో 8 మిల్లీమీటర్లు. త్రో అంటే ప్యాడ్ ఊగే వృత్తం వ్యాసం. ఇంటికి తెచ్చాక నేను చేసిన మంచి పని ఒక్కటే, ప్యాడ్‌ను అంటించే బ్యాకింగ్ ప్లేటు అంచు మీద నల్ల మార్కర్‌తో ఒక నిలువు గీత గీశాను. పని చేస్తుంటే ఆ గీత గిర్రున తిరుగుతూ కనపడితే ప్యాడ్ తిరుగుతున్నట్టు. గీత ఒకేచోట వణుకుతూ నిలబడితే ప్యాడ్ ఊగుతోందే గానీ తిరగడం లేదు, అంటే గీతలు పెద్దగా పోవడం లేదు. మొదటి రోజే ఆ గీత నాకు అసలు సంగతి చెప్పేసింది. బానెట్ మధ్యలో చదునుగా ఉన్నంతసేపూ తిరిగింది. బంపర్ వంపు మీదకు రాగానే ఆగింది. ఫెండర్ మీద ఆగింది. నా చేతి బరువు కాస్త ఎక్కువైనా ఆగింది. వేగం డయల్ ఆరు మీద పెట్టి, యంత్రాన్ని చిటికెన వేలితో పట్టుకున్నంత సున్నితంగా పట్టుకుంటేనే తిరిగేది. కారు మొత్తానికి రెండు సెలవు రోజులు పట్టాయి. పోయినవి సగం గీతలే.

అయితే అంతకన్నా నన్ను బాధించింది వణుకు. నా కుడి మణికట్టు చిన్నప్పుడు విరిగి అతుక్కుంది. గంట పనిచేశాక యంత్రం పక్కన పెట్టినా అరచేతిలో చీమలు పాకుతున్నట్టు ఉండేది, రాత్రికి వేళ్లు తిమ్మిరెక్కేవి. చాలామంది పట్టించుకోని అంకె ఒకటి యంత్రంతోపాటు వచ్చే పుస్తకంలో ఉంటుంది. వణుకు స్థాయిని మీటర్ పర్ సెకండ్ స్క్వేర్డ్‌లో ఇస్తారు. యూరప్ వాళ్ల 2002 నాటి నిబంధన ప్రకారం ఎనిమిది గంటల పనిదినానికి సగటున 2.5 దాటితే యజమాని జాగ్రత్తలు తీసుకోవాలి, 5 దాటకూడదు. లెక్క వేస్తే, 5 ఉన్న యంత్రాన్ని రోజుకు రెండు గంటలు వాడితేనే ఆ 2.5 హద్దుకు చేరతాం. 10 ఉంటే అరగంటకే. నా చవక యంత్రం పుస్తకంలో ఆ అంకే లేదు. ఎనిమిది నెలలకు దాని బేరింగ్ గరగరమనడం మొదలుపెట్టింది. విడిభాగం కోసం అడిగితే ఆ కంపెనీ దగ్గర అలాంటివి ఉండవన్నారు. ఇంకా గట్టిగా ఉన్న మోటారుతో సహా మొత్తం యంత్రాన్ని పారేయాల్సి వచ్చింది. అది నాకిప్పటికీ కష్టంగానే ఉంది.

ఎనిమిది మిల్లీమీటర్ల త్రోనే చెడ్డదని మాత్రం అనుకోవద్దు. పోర్టర్ కేబుల్ 7424ఎక్స్‌పీ అదే త్రోతో ఎందరికో ఈ పని నేర్పింది. చిన్న ప్యాడ్ వేసి ఓపిగ్గా చేస్తే ఇప్పటికీ పనికొస్తుంది. నేను తప్పు పట్టేది అందులో 150 మిల్లీమీటర్ల ప్లేటు బిగించి పెద్ద యంత్రంలా అమ్మడాన్ని. చిన్న ఊపుకు పెద్ద ప్యాడ్ బరువు మోయడం కష్టం. అదే యంత్రానికి చివర్లో 125 ప్లేటు వేసి చూశాను, ఆగిపోవడం సగానికి తగ్గింది.

ఈసారి పొరపాటు రెండో వైపు చేశాను. త్రో ఎంత పెద్దదైతే అంత మంచిదని లెక్కలు వేసుకున్నాను. లెక్క తప్పు కాదు. 8 మిల్లీమీటర్ల త్రోలో ప్యాడ్ ఒక్క ఊపుకు సుమారు 25 మిల్లీమీటర్లు ప్రయాణిస్తుంది, 15 త్రోలో 47, 21 త్రోలో 66. నిమిషానికి 6000 ఊపులు ఊగే ఎనిమిది త్రో యంత్రం ఆ నిమిషంలో 150 మీటర్ల దూరం రాస్తే, 4200 ఊపులే ఊగే ఇరవైయొకటి త్రో యంత్రం 277 మీటర్లు రాస్తుంది. తక్కువ గోల, ఎక్కువ పని. ఇటలీ కంపెనీ రూపెస్ తన బిగ్‌ఫుట్ యంత్రాలతో ఈ పెద్ద త్రోలను, 15నూ 21నూ, అందరి నోళ్లలో నానేలా చేసింది. ఆ తర్వాత చాలా కంపెనీలు అదే దారి పట్టాయి. నేను కొన్నది వేరే కంపెనీ 21.

బానెట్ మీద పెట్టగానే తేడా తెలిసింది. నీళ్ల మీద పడవలా జారింది. వణుకు ఉంది గానీ అది వేరే రకం, అరచేతిని కుట్టే సన్నటి వణుకు కాదు, మోచేయిని మెల్లగా ఊపే ఊపు. రూఫ్, బానెట్, డిక్కీ మూత గంటన్నరలో అయిపోయాయి. ఇక డోర్ల దగ్గరకు వచ్చాను. హ్యాండిల్ చుట్టూ, అద్దం కింద, రెండు మడతల మధ్య ఉన్న సన్నటి పట్టీ దగ్గర, ఎక్కడ పెట్టినా 150 ప్లేటు సగం గాల్లో, సగం రేకు మీద. సగం గాల్లో ఉన్నప్పుడు ప్యాడ్ ఒక్కసారి ఎగిరిపడుతుంది. ఒకసారి అలా ఎగిరి నంబర్ ప్లేటు అంచుకు తగిలి ప్యాడ్ చిరిగింది. ఎండాకాలం మధ్యాహ్నం వరసగా పని చేస్తే ప్యాడ్ నడిమధ్యలో వేడి పేరుకునేది. పైనుంచి ముట్టుకుంటే గోరువెచ్చగా ఉన్నా, ప్లేటు నుంచి పీకి చూస్తే వెల్క్రో అంటుకున్న జిగురు మెత్తబడి ఉండేది. మధ్యలో రంధ్రమున్న ప్యాడ్లు వేశాక అది చాలావరకు సర్దుకుంది. నాలుగు నెలలు వాడి, వ్యాన్లు శుభ్రం చేసే పనిలో ఉన్న మిత్రుడికి ఇచ్చేశాను. గోడలాంటి చదును రేకుల మీద ఆయన దానితో హాయిగా ఉన్నాడు. యంత్రం మంచిదే, నా కారు దానికి చాలలేదు.

మూడోది 15 త్రో, 125 ప్లేటు. నాలుగేళ్లుగా ఇదే నా దగ్గరుంది. దీన్ని కొనేముందు మాత్రం డబ్బా మీది అంకెలు చూడలేదు. షాపులో యంత్రాన్ని బయటికి తీయించి, ప్లగ్గు పెట్టించి, చేత్తో పట్టుకుని చూశాను. కొనేవాళ్లు ఇలా చూడమనే నా గట్టి విన్నపం. కారు రూఫ్ మీద పని చేస్తున్నట్టు చేతులు చాచి పట్టుకోండి, ఆ తర్వాత డోరు మీద చేస్తున్నట్టు నిలువుగా పట్టుకోండి. ఐదు నిమిషాలు అలాగే ఉండండి. రెండున్నర కిలోలు మొదటి నిమిషంలో బరువనిపించవు, ఐదో నిమిషంలో భుజం చెబుతుంది. తల భాగం ఎత్తుగా ఉందా, పొట్టిగా ఉందా చూడండి. ఎత్తుగా ఉంటే డోరు మీద ప్యాడ్ ఒకవైపు ఒరిగి, ఒరిగిన వైపే పెయింట్ అరుగుతుంది. స్విచ్ నొక్కగానే ఒక్కసారి గుంజకుండా మెల్లగా వేగం అందుకోవాలి, లేకపోతే ప్యాడ్ మీద వేసిన కాంపౌండ్ చుక్కలు గోడ మీద ఉంటాయి. డయల్ మూడు మీద పెట్టి ప్యాడ్‌ను అరచేత్తో కాస్త ఒత్తితే మోటారు శబ్దం కుంగకూడదు. బరువు పడ్డా వేగం పడిపోకుండా పట్టి ఉంచే ఎలక్ట్రానిక్స్ ఉన్న యంత్రంలో శబ్దం ఒక్కలాగే ఉంటుంది. వాట్ల అంకె కన్నా ఈ పరీక్ష నాకు ఎక్కువ చెప్పింది, ఎందుకంటే డబ్బా మీది వాట్లు మోటారు కరెంటు లాగే లెక్క, ప్యాడ్ దగ్గరకు చేరే బలం లెక్క కాదు. ఆఖరుగా అడిగినవి మూడు: మోటారులో అరిగిపోయే కార్బన్ బ్రష్‌లు మనమే మార్చుకోవచ్చా, ప్లేటు విడిగా దొరుకుతుందా, బేరింగ్ దొరుకుతుందా. మూడింటికీ అవునన్నాకే డబ్బు తీశాను. వైరు పొడవు కూడా చూసుకోవాల్సింది, నేను మరిచిపోయాను. వైరు పొట్టిదైతే ఎక్స్‌టెన్షన్ జాయింటు సరిగ్గా బానెట్ మీద వచ్చి పడి, కొత్త గీత గీస్తుంది. ఇప్పుడు వైరును భుజం మీదుగా వీపు వెనక్కి వేసుకుంటాను.

ఈ యంత్రంలో నాకు నచ్చనిది లేకపోలేదు. లోతు వంపుల మీద ఇదీ ఆగుతుంది. బంపర్ మూల మీద ప్లేటు గీత మెల్లబడి, మెల్లబడి నిలబడిపోవడం ఇప్పటికీ చూస్తుంటాను. అప్పుడు చేయి తేలిక చేసి ప్యాడ్‌ను మళ్లీ చదునుగా తెస్తే కదులుతుంది. చెవుల్లో దూది కాదు, సరైన ఇయర్ ప్లగ్గులు పెట్టుకోవాల్సినంత శబ్దం. ఇక పక్కన పెట్టేటప్పుడు ప్యాడ్ పూర్తిగా ఆగేదాకా చేతిలోనే ఉంచాలి, అలవాటయ్యేదాకా రెండుసార్లు నేల మీద గెంతింది.

వంపుల మీద ఆగిపోవడం అసలు భరించలేని వాళ్లకు మూడో రకం ఉంది. గేర్లతో ప్యాడ్‌ను బలవంతంగా తిప్పే డీఏ. అందులో ఊపు, తిరుగుడు రెండూ మోటారు చేతిలోనే. ఈ తరహాలో పేరున్నది ఫ్లెక్స్ 3401, దాని త్రో 8 మిల్లీమీటర్లే. ఫ్లెక్స్ 1922లో మొదలైన జర్మన్ కంపెనీ, ఒంగే షాఫ్టుతో నడిచే గ్రైండర్ నుంచి ఆ పేరొచ్చింది. 1954లో వేగంగా తిరిగే యాంగిల్ గ్రైండర్‌ను తెచ్చిందీ వాళ్లే, జర్మన్‌లో ఇప్పటికీ గ్రైండర్‌తో కోయడాన్ని ఆ కంపెనీ పేరుతోనే అంటారు. ఈ తరహా యంత్రాన్ని ఒక మిత్రుడి దగ్గర తెచ్చుకుని ఒక ఆదివారమంతా వాడాను. మార్కర్ గీత ఎక్కడా ఆగలేదు, బంపర్ మూల మీద కూడా. నా డీఏ నాలుగు దఫాల్లో తీసే గీతలను రెండు దఫాల్లో తీసింది. అయితే యంత్రం చేతిని ఒకవైపు లాగుతూనే ఉంటుంది, తలను అటూ ఇటూ ఒక డిగ్రీ వంచినా లాగే దిక్కు మారుతుంది. మధ్యాహ్నానికి నా మణికట్టు మొండికేసింది. ఇంకో సంగతి, ఆగదు కాబట్టి అంచుల మీద మళ్లీ రోటరీ నాటి భయం. డోరు మడత దగ్గరకు వచ్చేసరికి నాకు తెలియకుండానే ఊపిరి బిగబట్టాను. గట్టి మణికట్టు, కొంత అనుభవం ఉండి, గట్టి క్లియర్ కోట్ ఉన్న కారు మీద పని చేసేవాళ్లకు దీన్ని నిశ్చింతగా చెప్తాను. మొదటి యంత్రంగా చెప్పను.

నాలుగోది చిన్నది, 75 మిల్లీమీటర్ల ప్లేటు. అద్దాల తొడుగులు, పిల్లర్లు, హ్యాండిల్ వెనక గుంట, హెడ్‌లైట్లు. పెద్ద యంత్రం చేరని చోట్లన్నీ దీనివే. నా సలహా ఏంటంటే, మొదటి యంత్రం మీద పెట్టే డబ్బులోంచి కొంత తగ్గించుకునైనా దీన్ని కొనండి. 21 త్రో యంత్రం తెచ్చిన రోజు ఇది పక్కన ఉండి ఉంటే బహుశా దాన్ని వదులుకునేవాణ్ణి కాదు. బ్యాటరీది తీసుకున్నాను, ఇంత చిన్న పనికి అది బాగుంది. పెద్ద పాలిషర్‌ను బ్యాటరీతో కొనాలనుకునే వాళ్లు మాత్రం ఒక చిన్న లెక్క వేసుకోవాలి. 18 వోల్టుల, 5 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఉండేది 90 వాట్ అవర్లు. యంత్రం 300 వాట్లు తాగితే 18 నిమిషాల్లో ఖాళీ. కారు మొత్తానికి బ్యాటరీలు మార్చుకుంటూ, చార్జింగ్ కోసం ఎదురు చూస్తూ కూర్చోవాలి.

ప్యాడ్ల విషయంలో నేను చేసిన పొదుపు తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు, అంత యంత్రం కొని రెండే ప్యాడ్లు తెచ్చుకున్నాను. ప్యాడ్ మూడో ప్యానెల్‌కే తడిసి, అరిగిన పెయింట్ ధూళితో జిడ్డుకట్టి, బరువెక్కుతుంది. బరువెక్కిన ప్యాడ్‌ను డీఏ తిప్పలేదు. యంత్రంలో బలం లేదని తిట్టుకున్న రోజుల్లో సగం తప్పు ప్యాడ్‌దే. ఇప్పుడు ఒక కారుకు కోత ప్యాడ్లు నాలుగైనా, మెరుపు ప్యాడ్లు రెండైనా పెట్టుకుంటాను. ప్రతి ప్యానెల్ అయ్యాక నైలాన్ బ్రష్‌ను తిరుగుతున్న ప్యాడ్‌కు ఆనిస్తే పొడి రాలిపోతుంది. గట్టి ఫోమ్ ఎక్కువ కోస్తుంది, మెత్తటి ఫోమ్ మెరుపు తెస్తుంది, మైక్రోఫైబర్ ప్యాడ్ అన్నిటికన్నా వేగంగా కోస్తుంది గానీ నా నల్ల కారు మీద సన్నటి మసక వదిలింది. తెల్ల కారు మీదైతే ఆ మసక కంటికి ఆనదు. ప్యాడ్ ఎప్పుడూ ప్లేటు కన్నా కాస్త పెద్దదిగా ఉండాలి, 125 ప్లేటుకు 140 ప్యాడ్ లాగా. ప్లేటు అంచు బయటికి పొడుచుకొస్తే అదే పెయింట్‌కు తగులుతుంది. కంపెనీ చెప్పిన కొలత ప్లేటే వాడండి, లోపలి ఎదురుబరువు ఆ ప్లేటుకే తూచి పెట్టి ఉంటుంది. వేరేది వేస్తే వణుకు పెరుగుతుంది.

యంత్రం ఎంత మంచిదైనా పని వరస తప్పితే ఫలితం ఉండదు కాబట్టి అదీ చెప్తాను. కారు కడిగి, అంటుకుపోయిన మురికిని లాగేసే క్లే బార్ అనే ముద్ద రుద్ది, అరచేతికి రేకు గాజులా తగిలేదాకా శుభ్రం చేయాలి. మడతలకు, రబ్బరు అంచులకు, ప్లాస్టిక్ భాగాలకు మాస్కింగ్ టేప్ అంటించాలి. ఆ తర్వాత బానెట్ మీద రెండడుగుల చదరం ఒకటి ఎంచుకుని, అన్నిటికన్నా మెత్తటి ప్యాడ్‌తో, అన్నిటికన్నా సన్న పాలిష్‌తో మొదలుపెట్టాలి. బఠాణీ గింజంత చుక్కలు నాలుగు చాలు. యంత్రం ఆన్ చేయకముందే ప్యాడ్‌తో అద్ది, తక్కువ వేగంలో పరిచి, ఆ తర్వాత వేగం పెంచి, చేతిని సెకనుకు అంగుళం చొప్పున నడపాలి. ఒక వరస అడ్డంగా, ఒక వరస నిలువుగా, ప్రతి వరస ముందుదాన్ని సగం కప్పుతూ. నేను మొదట్లో చేసిన పెద్ద తప్పు చేతిని ఇల్లు తుడిచినంత వేగంగా నడపడమే. సన్న పాలిష్‌కు లొంగకపోతేనే ఒక మెట్టు గట్టి ప్యాడ్‌కు వెళ్లాలి. గోరుతో రాస్తే గోరుకు తగిలేంత లోతు గీత ఉందంటే దాని జోలికి వెళ్లొద్దు, అది పోయేదాకా అరగదీస్తే పొర మిగలదు. పెయింట్ మందం కొలిచే మీటర్ దొరికితే ముందు ప్రతి ప్యానెల్‌నూ కొలుచుకోండి. మామూలు మీటర్లు లోహపు రేకు మీదే పనిచేస్తాయి, ప్లాస్టిక్ బంపర్ మీద చెప్పలేవు.

పూర్తయ్యాక కళ్లను నమ్మొద్దు. పాలిష్‌లోని నూనెలు గీతల్లో నిండి, అవి పోయినట్టు చూపిస్తాయి. నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చల్లి, శుభ్రమైన మైక్రోఫైబర్ బట్టతో తుడిస్తే నిజం బయటపడుతుంది. ఇంకో మాట, సూర్యుడి చుట్టూ గుండ్రంగా కనపడే ఆ గీతలు గుండ్రంగా పడ్డవి కావు. అన్ని దిక్కుల్లోనూ పడి ఉంటాయి, వాటిలో వెలుగును మన కంటికి తిప్పి కొట్టే కోణంలో ఉన్నవే కనపడతాయి. చేతిలో టార్చి పట్టుకుని బానెట్ మీద కదిపి చూడండి, గూడు దీపంతోపాటే కదులుతుంది. అందుకే ఒక్క ట్యూబ్‌లైటు కింద చూసి బాగుందనుకోకూడదు. నేను చిన్న టార్చితో నాలుగు వైపుల నుంచీ చూస్తాను.

మొన్న వారం పాత బ్యాకింగ్ ప్లేటు వెల్క్రో వదులైపోయి, పని మధ్యలో ప్యాడ్ ఊడి గ్యారేజీ అవతలి మూలకు ఎగిరింది. కొత్త ప్లేటు దొరకడానికి రెండు రోజులు పట్టింది. అరవకుండా, గరగరమనకుండా నాలుగేళ్ల మోటారు దాన్ని మళ్లీ తిప్పింది. బిగించగానే మార్కర్ తీసి దాని అంచు మీద నల్లగీత గీశాను, ఆరనిచ్చి, డోరు మడతకు టేప్ అంటించి, స్విచ్ నొక్కాను.